అల్యూమినియం మీద చింతపండు

షామ్‌బర్గ్‌లో మా ఇంటి గ్యారేజీలో రెండు కార్లు పట్టాలి. మా ఆవిడ తమ్ముడు వచ్చి బేస్‌మెంట్‌లో దిగాక అందులో ఒక కారూ ఒక పాత మోటార్‌సైకిలూ పట్టడం మొదలైంది. లోపలి కారు మా ఆవిడది. బయట మంచులో నిలబడేది నాది. అతను ఆ బండిని విప్పుతూ బిగిస్తూ రెండు చలికాలాలు గడిపాడు. నేను కారు అద్దం మీద మంచు గీకుతూ గడిపాను. మా మధ్య మాటలు తగ్గి, చివరికి ‘ఉప్పు ఇటివ్వు’ దగ్గర ఆగాయి.

పైగా మా ఆవిడ ముందు వెటకారం ఒకటి. “బావ చేతికి స్పానర్ ఇస్తే ఉప్మా కలుపుతాడక్కా.” అందులో అబద్ధం లేదు. మెకానిక్ అన్న మాటలో నాకు వంటబట్టింది ఆ చివరి నిక్కు ఒక్కటే. అయినా నిజం చెప్పిన మనిషిని క్షమించడం నా వల్ల కాదు.

ఆ జూన్‌లో లైబ్రరీ పార్కింగ్ లాట్‌లో పాత బళ్ల ప్రదర్శన పెట్టారు. ముందటేడు చూడ్డానికి వెళ్లినప్పుడు అక్కడి పెద్దమనుషులు ఇతన్ని పనివాడనుకుని బాత్‌రూమ్ ఎటని అడిగారట. ఈసారి తన బండి ఆ వరసలో నిలబడాలి, వాళ్లు వంగి చూడాలి. అతనికి కావలసింది అదొక్కటే. గొట్టాల క్రోమ్ అప్పటికే అద్దంలా చేశాడు. ఇంజిన్ పక్కనుండే అల్యూమినియం మూతల మీది పాత వార్నిష్ కూడా తీసేశాడు, మెరుగు మాత్రం శనివారం పెడతానన్నాడు.

గురువారం అతను ఆఫీస్‌కి వెళ్లాడు. నేను ఇంట్లోంచే పని. ప్రతి శుక్రవారం మా ఇంట్లో ఇత్తడి కుందులు తోమేది నేనే. చింతపండు, రాళ్ల ఉప్పు, పది నిమిషాలు. నా కుందుల్లో చూసుకుని బొట్టు సరిదిద్దుకున్న ఆంటీలున్నారు. ఇంత విద్య చేతిలో ఉండగా ఆ కుర్రాడు డబ్బాల కొద్దీ క్రీములు తెప్పించడమేమిటి అనిపించింది. సాయం చేద్దామని కాదు, ఓడిద్దామని గ్యారేజీలోకి వెళ్లాను.

కుడివైపు మూతకి చింతపండు గుజ్జు దట్టంగా పట్టించాను. పది నిమిషాల్లో కడగాల్సింది. అంతలో ఆఫీస్ మీటింగ్ ఒకటి వచ్చి పడి రెండున్నర గంటలు సాగింది. ఆ రెండున్నర గంటల్లో పని చేసింది చింతపండు ఒక్కటే.

కడిగి చూస్తే మూత నిండా బూడిద రంగు మచ్చలు, సూదితో పొడిచినట్టు గుంటలు.

సాయంత్రం అతను వచ్చి మూత మీద వేలితో రాసి వాసన చూశాడు.

“పులిహోర వాసనొస్తోంది బావా.”

నేను చేతిలోని తడిగుడ్డ వెనక్కి దాచాను.

“ఇంజిన్‌కి తాలింపు కూడా పెట్టావా, టైమ్ సరిపోలేదా?”

“ఇత్తడికి బాగానే...”

“ఇది ఇత్తడి కాదు! సండే షో పెట్టుకుని థర్స్‌డే నా బండిని పచ్చడి చేశావు.”

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, “మీకెందుకండీ వాడి బండి జోలి?” అంది. ఏళ్ల తరబడి కుందులు తోమిన నన్ను ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి తోమారు.

కొత్త మూత తెప్పించే వ్యవధి లేదు. శుక్రవారం ఇద్దరం సెలవు పెట్టాం. అతను నా ముందు తడి గరుకు కాగితాలు పడేశాడు. గరుకుదానితో మొదలుపెట్టి నున్నటిదాకా వెళ్లాలి. ఒక కాగితంతో నిలువుగా రుద్దితే తర్వాతి దానితో అడ్డంగా రుద్దాలి, పాత గీతలు పోయేదాకా.

“గుండ్రంగా తిప్పకు బావా, దోసె కాదు.”

“తెలుసు.”

“తెలిస్తే మనం ఇక్కడ ఉండం.”

రుద్దేకొద్దీ నల్లటి నీళ్లు కారాయి. “మురికి బాగానే వదుల్తోంది” అన్నాను.

“మురికి కాదు, మెటల్. నా మెటల్.”

మధ్యాహ్నానికి వేళ్ల కొసలు మండుతుంటే ‘సారీ’ అన్నాను. “బిజీగా ఉన్నా” అన్నాడు.

శనివారం మోటారుతో తిరిగే గుడ్డ చక్రం మీద మెరుగు పెడితే మూత వెలగడం మొదలైంది, మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న కంపెనీ అక్షరాల చుట్టూ తప్ప. అక్కడి గుంటలు పోవాలంటే అక్షరాలూ పోవాలి. నేను కాగితం అటు తీసుకెళ్తుంటే నా మణికట్టు పట్టుకుని ఆపాడు. “అక్కడొద్దు. ఉండనీ.” కాగితం లాక్కుని లోపలికి వెళ్లిపోయాడు. బండి తీసుకెళ్తాడో లేదో ఆ రాత్రి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

తీసుకెళ్లాడు. మా ఆవిడ కోసం నేను కారు తీశాను. లైబ్రరీ దగ్గర కాస్త దూరంగా చెట్టు నీడన నిలబడ్డాను. వెనక్కి వెళ్లిపొమ్మన్నట్టు ఒకసారి చూశాడు, నేను చూడనట్టు నటించాను.

కాగితాల అట్ట పట్టుకున్న న్యాయనిర్ణేత ఒకావిడ బండి ఎడమవైపు చూసి తల ఊపింది. కుడివైపుకి వచ్చి, వంగి, అక్షరాల దగ్గర ఆగింది. ఇదేమైంది అని అడిగింది. పాతబడిందనో, అలాగే కొన్నాననో అనొచ్చు. ఆవిడ నమ్మేది. అతను చెయ్యెత్తి నన్ను చూపించాడు. “ఆయన చేశాడు. ఆయన్నే అడగండి” అన్నాడు ఇంగ్లీషులో.

ఆవిడ నా దగ్గరికే వచ్చింది. చింతపండు అంటే ఏమిటో, దేవుడి దీపాలంటే ఏమిటో, రెండున్నర గంటలంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. ఆవిడ నవ్వాపుకోలేక ఇంకో ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచింది. వాళ్లు మోకాళ్ల మీద కూర్చుని మూత చూశారు, తర్వాత ఇంజినూ చూశారు, తర్వాత ఇతన్ని ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. అతను చేతులు కట్టుకుని ఒక్కొక్కదానికీ తాపీగా జవాబు చెప్పాడు. మాట మూత దగ్గరికి వచ్చినప్పుడల్లా వేలు నా వైపు తిరిగేది. బహుమతి ఇంకెవరికో వెళ్లింది.

మూడోసారి చింతపండు పురాణం విప్పాక ఇక చాలనుకుని కారు వైపు నడిచాను. వెనక నుంచి అతను వచ్చి నన్ను దాటి, పక్క బండివాళ్ల మడత కుర్చీ అడిగి తెచ్చి, సరిగ్గా కుడి మూతకి ఎదురుగా వేశాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి నా మొహం చూసి మాట్లాడాడు.

“కూర్చో బావా. ఇంకా వస్తున్నారు.”