ఒక్క అతుకూ లేని వంతెన

ఆ రోజుల్లో బెంగళూరు గురించి నాకు తెలియనిది లేదు. ఏదైనా తెలియకపోతే అక్కడికక్కడే తయారు చేసుకునేవాణ్ణి. డిగ్రీ అయ్యాక పీణ్య ఫ్యాక్టరీల మొహం చూడనని భీష్మించుకుని (నాన్న అక్కడే వెల్డరు), ఆదివారాలు జనానికి పాత కట్టడాలు చూపించే సంస్థలో గైడు పని అడిగాను. దాన్ని నడిపే మేడం, "పదిమందిని పిలుచుకొని రా, తిప్పి చూపించు. నేనూ వెనకే ఉంటా. బాగుంటే జాబ్ నీదే" అన్నారు. ఎన్ని ఫోన్లు చేసినా తొమ్మిదిమందే తేలారు. పదో మనిషిగా నాన్నను బతిమాలి, మన చుట్టరికం చెప్పకూడదని, అసలు నోరే విప్పకూడదని షరతులు పెట్టాను. "సరేలేప్పా, నువ్వు ఎవురో, నేను ఎవురో" అని ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చారు.

కోట దగ్గర నా గొంతు లేచింది. వేసవి మహలు చెక్కస్తంభాల మధ్య ఇంకాస్త లేచింది. రైలు పట్టాల మీది పాత ఉక్కు వంతెన చేరేసరికి నన్ను పట్టేవాళ్ళు లేరు. "చూడండి, అన్నీ రివెట్లే! ఎర్రగా కాల్చి కొట్టినవి. తెల్లదొరలు కట్టిన నాటి నుంచి దీని మీద ఒక్క వెల్డింగ్ అతుకు పడలేదు!" అని పక్క కమ్మీ మీద చరిచాను. అందరూ ఫోన్లు ఎత్తి ఫొటోలు తీశారు, మేడం తల ఊపారు. ఉద్యోగం వచ్చేసినట్టే అనుకుంటుండగా వెనకాల ఎవరో దగ్గారు.

"నీ చెయ్యి కిందనే ఉండాదప్పా అతుకు" అన్నారు నాన్న. "నేను వేసిందే. మా ఫ్యాక్టరీవాళ్ళు పంపిస్తే రెండు దినాలు ఈడనే కూర్చోని వేసినాను."

చెయ్యి తీసి చూస్తే నిజంగానే ఉంది, రంగు కింద సన్నటి జడలా. తొమ్మిదిమందీ నన్ను వదిలేసి ఆయన చుట్టూ మూగారు. ఎండకు ఇనుము ఎలా సాగుతుందో, పాత ఉక్కుకు కొత్తది అతకడం ఎందుకు కష్టమో ఆయన అరగంట చెప్పారు. నేను అందరి నీళ్ళ సీసాలూ పట్టుకుని నిలబడ్డాను (ఏడుపొచ్చింది, దాచడమెందుకు).

మేడం ఆయన దగ్గరికి వెళ్ళి, "సార్, వచ్చే ఆదివారం నుంచి మీరే వస్తారా?" అన్నారు.

నాన్న కంగారుగా చేతులు జోడించారు. "నాకొద్దు మేడం. నాకు తెలిసింది ఇదొకటే. తెలీనిదంతా ఇంత ధైర్యంగా చెప్పాలంటే మావాడే కావాల. వానికే ఇయ్యండి."

'మావాడు' అనడంతో చుట్టరికమూ బయటపడింది. మేడం పగలబడి నవ్వి, ఆ సిఫారసు మీదే ఉద్యోగం ఇచ్చారు. తర్వాత బుద్ధిగా చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను, కల్పనలు చాలావరకు మానేశాను. ఇప్పటికీ ఆ వంతెన దగ్గర అతుకు మీద వేలు పెట్టి, "ఇది మా నాన్న వేసింది" అంటాను. జనం నవ్వేసి, "భలే కథలు చెప్తారు సార్" అంటూ ముందుకు సాగుతారు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడైతే ఏం చెప్పినా నమ్మేవారు.