బుగ్గ ఉబ్బిన గోడ

చలమయ్యకు బొమ్మల మీద మోజు లేదు. అరవై మూడేళ్ల వయసులో నలభై ఏళ్లు తాపీ పట్టుకున్న మనిషి. గోడ కనిపిస్తే మీద ఏం వేశారన్నది ఆయనకు అక్కర్లేదు, లోపల ఏముందన్నదే చూస్తాడు. ఎలమంచిలి నుంచి పొద్దున్న బండెక్కి వచ్చాడంటే అది కూతురి పోరు పడలేకే. ఆశాజ్యోతి దువ్వాడలో ఓ కాలేజీ ఆఫీసులో పని చేస్తుంది. హార్బరు వెనక పాత క్వార్టర్ల గోడల నిండా మూడంతస్తుల బొమ్మలు వేశారని, ఊళ్ల నుంచి జనం వచ్చి ఫొటోలు తీసుకుంటున్నారని, నువ్వు కూడా రావాల్సిందేనని వారం రోజులు ఫోన్లో చెవి తినేసింది.

మొదటి గోడ మీద తాబేలు. రెండో గోడ మీద ఓడ, దాని మీద వాలిన పిట్టలు. ఆశాజ్యోతి ప్రతి గోడ ముందూ ఆయన్ని నిలబెట్టి ఫొటో తీసింది. ఆయన ప్రతి ఫొటోలోనూ బ్యాంకులో పాస్‌బుక్కు కోసం నిలబడ్డట్టే నిలబడ్డాడు. మూడో గోడ దగ్గర మాత్రం ఇద్దరూ ఆగిపోయారు. నెత్తిన చేపల తట్టతో ఓ ఆడమనిషి మొహం, గోడంతా. ఆమె మెడ దగ్గర, గోడ వారన, నిజం ఆడవాళ్లు నలుగురు టార్పాలిన్లు పరిచి ఎండుచేపలు అమ్ముకుంటున్నారు.

"నాన్నా, ఆ బుగ్గ సూడు. గోడలోంచి బయటికొచ్చినట్టు ఎంత బాగా గీసేరో."

చలమయ్య చూశాడు. ఎండ పక్కనించి పడుతోంది. బుగ్గ కింద నీడ ఉంది. అది రంగుతో వేసిన నీడలా లేదు. ఆయన గోడ చివరకు పోయి, వారగా కన్ను పెట్టి, మేస్త్రీలు చదును చూసే పద్ధతిలో చూశాడు. బుగ్గ నిజంగానే బయటికి వచ్చింది. నులకమంచమంత పెచ్చు, రెండో అంతస్తు ఎత్తున, కడుపుతో ఉన్నట్టు ఉబ్బి ఉంది.

అందినంత ఎత్తున వేలి కణుపుతో గోడను తట్టాడు. డొల్ల. జానెడు జరిగి మళ్లీ తట్టాడు. డొల్లే. 

పైనుంచి పెచ్చు ఊడిపడితే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తన జట్టులోనే వరహాలు అనే వాడుండేవాడు. బీడీ ముట్టించుకుందామని సన్‌షేడ్ కిందికి వెళ్లాడు. దాని పెచ్చు ఊడి మీద పడ్డాక వాడి అగ్గిపెట్టె ఒక్కటే చెక్కు చెదరకుండా దొరికింది.

"లెగండమ్మా. ఇక్కణ్ణించి లెగండి," అన్నాడు.

నలుగురిలో పెద్దది కాశమ్మ. ఈగలు తోలుతున్న కొమ్మ ఆపకుండానే తలెత్తింది. "ఏటి బావూ, మున్సిపాలిటీవా?"

"కాదు. తాపీ మేస్త్రిని. పైన పెచ్చు గోడనొదిలీసింది. పడిపోద్ది."

"మొన్ననే గదా రంగులేసేరు. పెళ్లికూతురు నాగుంది గోడ."

పక్కనున్న నాగమణి ఫక్కున నవ్వింది. "నీకు తెల్దే అప్పా. ఫొటోకి మనం అడ్డొత్తన్నాం. మొన్నొకడు గేస్ లీకయ్యిందని మనల్ని లేపీసి, పెళ్లాంతో వంద ఫొటోలు తీసుకోనేదా?"

ఆశాజ్యోతి తండ్రి మోచెయ్యి పట్టుకుంది. "ఊరుకో నాన్నా. అందరూ సూత్తన్నారు."

ఆయన ఊరుకోలేకపోయాడు.  గోడ వంక చూస్తూ నిలబడ్డాడు, చూపు తిప్పుకుంటే అది పడిపోతుందన్నట్టు. అప్పుడు కిటికీ కింద అంచు కనబడింది. వాననీరు గోడ మీదికి జారకుండా అడుగున వేలితో లాగిన గాడి, చివర చిన్న వంపు. ఆ వంపు ఆయన జట్టు తప్ప ఎవరూ పెట్టరు.

 ఇప్పుడంటే చుట్టూ ఇళ్లు, దుకాణాలు వచ్చి గుర్తు పట్టలేకపోయాడు గాని, ముప్పై ఏళ్ల కిందట ఈ బిల్డింగు ప్లాస్టరింగు చేసింది తనే. తుపానుకు రోడ్లు తెగి పది రోజులు ఏటి ఇసుక లారీలు రాలేదు. కాంట్రాక్టరు కృష్ణంరాజు సముద్రపు ఇసుక తోలించాడు. నీళ్ల డ్రమ్ముల్లో కడగడం, చిటికెడు నాలిక మీద వేసుకోవడం, ఉప్పు తగిలితే మళ్లీ కడగడం. జట్టు మొత్తం నమ్మింది చలమయ్య నాలికని. చలమయ్య "సప్పగుంది, కలిపీండి" అన్నాడు. కలిపేశారు. ఇన్నేళ్లూ గోడ చెమ్మ పీల్చి వదులుతూ ఎలాగో బతికింది. ఇప్పుడు రంగేసి దాని ఊపిరి మూసేశారు.

చెప్పకపోతే వీళ్లు లేవరు. చెబితే వీళ్లందరి ముందూ, కూతురి ముందూ, ఆ గోడ తనది.  పైన ఎక్కడో సన్నగా, కంది గింజ నేల మీద పడ్డట్టు, టిక్కుమని శబ్దం వచ్చింది.

"ఈ గోడ నానే సేసేనమ్మా," అన్నాడు. "సముద్రపు ఇసకతోటి. ఉప్పు పోయిందో నేదో సూసింది నానే."

"ఎలగ సూసేవు?" అంది కాశమ్మ.

"నాలిక మీదేసుకుని."

"మరింకేటి?"

"మద్దేనం సద్దన్నంలోకి ఉప్పేసిన ఎండు నెత్తళ్లు తిన్నాను. రోజూ అయ్యే. ఆ నోటితోటే ఇసక సూసేను."

నాగమణి మళ్లీ నవ్వబోయింది. కాశమ్మ నవ్వలేదు. ఈగల కొమ్మ కింద పెట్టింది.

"తట్టెత్తే, నాగమణీ."

"ఏటప్పా నువ్వు కూడానీ..."

"ఎత్తమన్నానా. పొద్దస్తమానం ఈటి మద్దెన కూకుని, కూర్లో ఉప్పెంతుందో కోడల్ని అడిగి తెలుసుకుంటాను నాను. ఆ సంగతి అబద్ధమాడ్డానికి ఎవడికీ తట్టదు. లెగు."

టార్పాలిన్లు చేపలతో సహా ఈడ్చారు. బుగ్గ కింద ముద్దులిచ్చుకుంటున్నట్టు ఫొటో దిగుతున్న కాలేజీ పిల్లల్ని ఆశాజ్యోతి చొక్కాలు పట్టుకుని లాగింది. ఆమె మొహం పాలిపోయింది. తండ్రి వంక చూడటం లేదు.

చలమయ్య నీడకు పాతిన పొడవాటి వెదురుగడ ఊడబెరికి, గోడ మూలకు ఒదిగి నిలబడి, బుగ్గ అంచున పొడిచాడు. ఏమీ కాలేదు. వెనక ఎవరో ఈల వేశారు. మళ్లీ పొడిచాడు. ఈసారి గడ లోపలికి దిగింది. బుగ్గ మొత్తం ఒక్కసారిగా, తలుపు తెరిచినట్టు, ముందుకి వాలింది.

శబ్దం తర్వాత చాలాసేపు దుమ్ము. దుమ్ము తగ్గాక, కాశమ్మ కూచున్న చోట మోకాలెత్తు పెచ్చులు, వాటి మధ్య నీలంగా బొమ్మ చెవిపోగు ముక్క.  నాగమణి తన రెండు చేతులూ ఒకసారి చూసుకుని నేల మీద కూలబడింది.

కాశమ్మ పైకి చూస్తోంది. కన్ను, నుదురు, తట్ట ఇంకా గోడకే ఉన్నాయి. కంటి కింద నుంచి తట్ట దాకా సన్నటి బీట.

"మరదీ?" అంది.

"అదీ పడిపోద్దమ్మా. మున్సిపాలిటీ ఆఫీసోళ్లకి కబురెట్టి, ఆళ్లొచ్చేదాకా ఇటెవర్నీ..."

"ఆళ్లొచ్చేసరికి బడి పిల్లలొచ్చెత్తారు. ఇదే తోవ ఆళ్లకి. పైకెక్కు."

ఎక్కాడు. మూడంతస్తుల మెట్లూ గడ పట్టుకుని, గోడ తగలకుండా, మధ్యలోంచి నడిచాడు. డాబా మీద పిట్టగోడ దగ్గర ఆగిపోయాడు. ఇదీ ఆ పది రోజుల్లోదే. తట్ట అందాలంటే దీని మీంచే వంగాలి. ఆయన బోర్లా పడుకుని, పిట్టగోడకు నీళ్లు పోయే తూములోంచి గడ దూర్చాడు. వెనక అడుగుల చప్పుడైంది. ఆశాజ్యోతి ఏమీ అనకుండా కూచుని, ఆయన కాళ్లు రెండూ గట్టిగా పట్టుకుంది. 

"ఇంకా ఎనక్కి జరగండి," అని కిందికి అరవబోయాడు.  తూములోంచి కాశమ్మ కనబడింది. రెండు చేతులూ చాచి, జనాన్ని కోళ్లని తోలినట్టు సందు చివరికి తోలుకుపోతోంది.

చలమయ్య కళ్లు మూసుకుని గడ బీటలోకి దించాడు.