రాయికల్ దారిలో మోకరిల్లిన బొమ్మ

నేను సిరిసిల్లలో డ్రాయింగు టీచరును. మోకరిల్లిన శిల్పాల మీద వ్యాసం రాయాలన్న పురుగు చాలాకాలంగా నా బుర్రను తొలుస్తుండేది. రాతిబొమ్మ మోకాలు వంచిందంటే భక్తే అని నా వాదన. రాయికల్ దగ్గర చేను గట్టున అలాంటి బొమ్మ ఉందని విన్నాను. తెలంగాణ ఉద్యమం రోజులు, బస్సులు బందు. అయినా ఆగబుద్ధి కాలేదు.

పొద్దున ఆరింటికి జీపు దొరికింది, కోరుట్ల దాకా మనిషికి వంద. ఎనిమిదిన్నరకు దిగి, దీక్షా శిబిరంలో కాసేపు కూర్చుని, ఆత్మగౌరవం అంటూ గొంతు చించుకున్నాను. అక్కడి నుంచి ఆటోలో ముప్పావుగంట.

బొమ్మ మోకాలెత్తు కూడా లేదు. తల వంచి, చేతులు జోడించిన మనిషి. ఫొటోలో ఎత్తు తెలియాలంటే పక్కన ఎవరైనా ఉండాలనిపించి, చేనులో కలుపు తీస్తున్న ముసలాయనను పిలిచాను.

"బొమ్మ లెక్క మోకాళ్ల మీద కూసో తాతా" అన్నాను.

ఎందుకని అడగలేదాయన. చెప్పులు విడిచాడు. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి నడుముకు కట్టుకున్నాడు. మోకరిల్లాడు. ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోతూ నాలుగు ఫొటోలు తీశాను.

అంతలో అన్నం తెచ్చిన ఆయన కూతురు చూసి, గిన్నె గట్టు మీద పెట్టేసింది.

"మా నాయనను గిట్ల ఎవ్వలు కూసోవెట్టిన్రు?"

"ఫొటో కోసం అక్కా."

"దొర గడి ముంగట గిట్లనే చెప్పులిడిసి, తువ్వాల నడుముకు గట్టి కూసుండెటోడు. గా దొర పోయి ఎన్నేండ్లాయె. మళ్ల నువ్వచ్చినవా?"

"పోనీ బిడ్డా, సారు అడిగిండు" అన్నాడాయన, ఇంకా మోకాళ్ల మీదే ఉండి. నేను లెమ్మనలేదు మరి.

సిగ్గుతో చచ్చిపోయాను. చేయందించి లేపాను. ఫొటోలన్నీ ఆమె ముందే చెరిపేశాను. ఆమె తువ్వాల తండ్రి తలకు చుట్టి, చెప్పులు తొడిగించి, "ఇప్పుడు నిలవడి ఫొటో దిగు నాయనా" అంది. నిలబడ్డాడు. నేను కెమెరా ఎత్తగానే ఆయన చేతులు వాటంతటవే జోడయ్యాయి. మీట నొక్కలేకపోయాను.

జగిత్యాల మీదుగా ఇల్లు చేరేసరికి సాయంత్రం ఏడు. వ్యాసం రాయలేదు. ఆ రాతిమనిషిది భక్తో, భయమో నాకేం తెలుసు? బతికున్న మనిషిదే ఏదో పోల్చుకోలేకపోయాను, కనీసం పేరైనా అడగలేదు. మీరు వెళ్తే కోరుట్లలోనే రానూపోనూ ఆటో మాట్లాడుకోండి. ఎత్తు తెలియడానికి బొమ్మ పక్కన గొడుగు పెట్టండి. మనిషిని పెట్టకండి.