నేలకు ఆనిన చెయ్యి

పంజాగుట్టలో కొన్న ఇత్తడి బుద్ధుడిని అమీర్‌పేటలోని మా ఇంట్లో షోకేసులో పెట్టాను. అమ్మ ఊరుకుంటేనా! ప్రతి శుక్రవారం దీపపు కుందులతో పాటు ఆయన్నీ చింతపండుతో తోమేసేది. ఆ పాత నలుపే విగ్రహానికి అందమని నేను అరిచేదాన్ని.

ఆయన కుడిచెయ్యి నేలను తాకుతూ ఉంటుంది. తన జ్ఞానోదయానికి భూమిని సాక్షిగా పిలుస్తున్నాడని చెబితే అమ్మ నవ్వింది.

"సాక్ష్యమేంది బిడ్డా! శానసేపు కూసున్నడు గద, లేవనీకి చెయ్యి ఆనిచ్చిండు."

"తెల్వకుంటే ఊకోవే అమ్మా" అని కసిరాను.

అమ్మ పోయాక, నేను కోరుకున్నట్టే బుద్ధుడు నల్లబడ్డాడు. మొన్న శుక్రవారం చింతపండు నానబెట్టి, నేల మీద కూర్చుని ఆయన్ను తోమాను. లేవబోతే మోకాళ్లు సహకరించలేదు. కుడిచెయ్యి నేలకు ఆనించాను.