పల్ప్ ఫ్యాక్టరీకి అమ్మిన పెట్టె

రెండువేలు దాటిన తొలి ఏళ్లలో నేనూ నా కాలేజీ స్నేహితుడూ తిరుపతిలో ఒక లాడ్జి మేడమీద గది తీసుకుని ఇంటర్నెట్ పెట్టెలు తయారుచేసేవాళ్లం. తయారీ అంటే పెద్ద విద్యేమీ కాదు. చెన్నై పాతసామాన్ల బజారుకు పోయి, ఎవరో వదిలించుకున్న కంప్యూటర్ల బోర్డులు గోనెసంచిలో వేసుకుని బస్సులో తెచ్చేవాళ్లం. పనికొచ్చేవి ఏరి, దుమ్ము దులిపి, రేకుపని చేసే ఆయనతో చేయించిన పెట్టెల్లో బిగించేవాళ్లం. లోపల వేసే సాఫ్ట్‌వేరు మాది కాదు. ఎక్కడెక్కడి వాళ్లో రాసి, ఎవరైనా వాడుకోండి, తెరిచి చూసుకోండి, మార్చుకోండి అని ఊరికే వదిలిపెట్టిన ఓపెన్ సోర్స్ సరుకు అది. ఆ పెట్టె ఒకటి ఆఫీసులో పెడితే, ఒక్క ఫోను లైను మీద వచ్చే ఇంటర్నెట్ అక్కడున్న కంప్యూటర్లన్నిటికీ అందేది. ఆఫీసుకు వచ్చే మెయిళ్లన్నీ తెచ్చి, ఎవరివి వాళ్లకు పంచేది, బయటికి రాసినవి పంపేది కూడా అదే.

నాకు ఆ సరుకు మీద భక్తి ఉండేది. ప్రతి పెట్టెతో పాటు ఒక కాగితం పెట్టేవాణ్ణి. ఇందులో దాపరికం ఏమీ లేదు, లోపల ఏం రాసి ఉందో ఎవరైనా చూడవచ్చు అని తెలుగులో రాసి, జిరాక్సు తీయించి, మడిచి పెట్టేవాణ్ణి. నా స్నేహితుడికి ఆ కాగితం చూస్తే ఒళ్లు మంట.

"ఊరికే వచ్చిందని మనమే రాసిస్తే ఎవుడు కొంటాడ్రా?" అనేవాడు.

వాడు పెళ్లి కార్డులు వేసే ప్రెస్సులో స్టిక్కర్లు వేయించాడు. గద్ద బొమ్మ, దాని కింద ఏ దేశానిదో తెలియని ఒక కంపెనీ పేరు. అలాంటి కంపెనీ భూమ్మీద లేదు. లాడ్జీల ఓనర్లు, నర్సింగ్ హోముల డాక్టర్లు ఆ గద్దను వేలితో తడిమి, తృప్తిగా తల ఊపేవాళ్లు. ఎక్కడో అన్నం పెట్టే పని మానుకుని ఆ సాఫ్ట్‌వేరు రాసినవాళ్ల మీద ఈ గద్ద వచ్చి వాలిందని నాకు అసహ్యం వేసేది. కానీ స్టిక్కరు వంకర పోకుండా రెండో కొస పట్టుకునేది నేనే.

బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి మా పెట్టె అమ్ముడుపోయింది. సీజను మొదలైన రోజులవి. హైవే మీద బస్సు దిగగానే పులిసిన తొక్కల కంపు ముక్కులో దూరేది. ఫ్యాక్టరీ వెనక తొక్కలు, టెంకలు గుట్టగా పోసి ఉండేవి. వాటిలోంచి నల్లటి రసం కారి కాలువ కట్టేది. ఈగలు ఆఫీసులో కీబోర్డుల మీద కూడా వాలేవి. ఏ మీట నొక్కినా వేలికి జిగట అంటుకునేది.

అక్కడ ఎగుమతి కాగితాలు చూసే అమ్మాయి ఒకామె ఉండేది. నగరిలో మగ్గాల ఇంటి పిల్ల. మేము పెట్టె బిగించిన రోజు, అందరూ గద్ద బొమ్మ చూస్తుంటే ఆమె మాత్రం నేను పెట్టిన కాగితం విప్పి మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"అన్నా, దీంట్లో రాసినట్టు లోపల ఏముండాదో నేను గూడా సూడొచ్చా?"

అన్ని పెట్టెలు అమ్మితే ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె. నాకు ప్రాణం లేచి వచ్చింది. పక్కన కుర్చీ లాక్కుని, పెట్టె లోపలి సెట్టింగుల ఫైలు ఎలా తెరవాలో, ఏ లైను దేనికో చూపించాను. లైను తెగిపోతే తిరుపతి నుంచి నేను వచ్చేదాకా ఆగకుండా తానే సరిచేసుకునేట్టు నేర్పాను. ఒకసారి చెబితే చాలు, రెండోసారి అడిగేది కాదు.

పదిరోజులకు ఓనరు మమ్మల్నిద్దరినీ పిలిపించాడు. ఆయన గదిలో ఏసీ ఉండేది, అందువల్ల అక్కడ కంపు లేదు. పళ్లెంలో కోసిన బేనీషా మామిడి ముక్కలు మా ముందుకు తోశాడు.

"ఏమప్పా, నా ఆఫీసులో ఎవురెవురు ఎవురికేం రాస్తా ఉండారో నాకు తెలిసే మాదిరి సెయ్యొచ్చునా ఈ పెట్టెలో?"

"చెయ్యొచ్చు సార్," అన్నాను. "ప్రతి మెయిలుకూ ఒక కాపీ మీకు వచ్చేట్టు పెట్టొచ్చు. అయితే ముందు స్టాఫుకు ఆ సంగతి చెప్పాల."

ఆయన పగలబడి నవ్వాడు. "సెప్పేస్తే ఇంగ నాకేం తెలస్తాది?"

నా స్నేహితుడు టేబులు కింద నా కాలు తొక్కాడు. ఓనరు బావమరుదులకు చిత్తూరు చుట్టుపక్కల ఇంకా రెండు ఫ్యాక్టరీలు ఉన్నాయి. "సేస్తాడు లే అన్నా, దానికేముంది," అన్నాడు వాడు నా తరఫున.

కాదని లేచి రావచ్చు. నేను రాలేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు ఆ సెట్టింగుల ఫైలు తెరిచి, ప్రతి మెయిలు కాపీ ఓనరుకు పోయేట్టు ఒక్క లైను రాశాను. అర నిమిషం కూడా పట్టలేదు. భోజనం నుంచి వచ్చిన ఆ అమ్మాయి, "ఏమన్నా, తినకుండా పని సేస్తా ఉండావు?" అని తన డబ్బాలో మిగిలిన పులిహోర మూతలో పెట్టి ఇచ్చింది. తిన్నాను.

సీజను మధ్యలో పెట్టె ఆగిపోయిందని ఫోను వస్తే మళ్లీ పోయాను. తెరిచి చూస్తే ఫ్యానులో బల్లి ఇరుక్కుని చచ్చి, వేడికి ఎండి అతుక్కుపోయి ఉంది. దాన్ని గీకి తీసేసి, పెట్టె మళ్లీ ఆడించి, చేయి తుడుచుకుంటున్నాను. అప్పుడే ఓనరు చేతిలో ఒక కాగితంతో గదిలోంచి బయటికి వచ్చాడు. ఆఫీసు మధ్యలో నిలబడి గొంతు పెంచాడు.

"మన పాప మదరాసుకు పోతాదంట. అందురూ ఇనండి."

ఆమె ఒక చెన్నై కంపెనీకి ఉద్యోగం కోసం రాసుకున్న మెయిలు అది. ఇంగ్లీషులో రాసిన దాన్ని ఆయన తెలుగులోకి తిప్పుతూ, ఒక్కొక్క మాటా సాగదీస్తూ చదివాడు. మా అమ్మకు కిడ్నీ జబ్బు, చెన్నైలో వైద్యం నడుస్తోంది, ఆమె దగ్గర ఉండటం కోసమే ఈ ఉద్యోగం అడుగుతున్నాను అని రాసింది. "కిడ్నీ" అనే మాట దగ్గర ఆయన ఏడుపు గొంతు పెట్టాడు. అకౌంట్లు చూసే పెద్దాయన కిసుక్కున నవ్వాడు. కిటికీ అవతల లోడింగు వాళ్లు మెడలు చాచి చూస్తున్నారు.

నేనేం చేశాను? నిజం చెప్పాలి. ఓనరు నావైపు తిరిగి కన్ను గీటినప్పుడు నా మొహం మీదికి ఒక నవ్వు వచ్చింది. పెద్దవాళ్ల జోకుకు చిన్నవాళ్లు నవ్వే నవ్వు. అది నా పెదవుల మీద ఉందని తెలిసినా వెంటనే తీసెయ్యలేకపోయాను.

ఆమె ఏడవలేదు. ఆయనతో వాదించలేదు. తన కంప్యూటరు ముందు కూర్చుని, నేను నేర్పినట్టే సెట్టింగుల ఫైలు తెరిచి, ఒక్కొక్క లైనూ చదువుకుంటూ కిందికి దిగింది. ఒకచోట ఆగింది.

"అన్నా, ఈ లైను ముందు లేదే. ఎవురు రాసినారు?"

ఆఫీసంతా నావైపు చూసింది.

"ఓనరు అడిగినాడు మ్మా..."

"అడిగింది ఎవురని కాదన్నా నేను అడగతా ఉండేది."

"నేనే," అన్నాను.

"ఆఫీసు మెయిల్లో సొంత సంగతి రాసింది నా తప్పే. అది ఒప్పుకుంటాను. దాపరికం లేదని కాగితం రాసిచ్చి, దొంగతనంగా ఈ పని ఎట్ల సేసినావన్నా? ఆ కాగితం ఇయ్యకుండా ఉండుంటే సరిపోయుండు."

సంచి తీసుకుని, టిఫిను డబ్బా అందులో పెట్టుకుని బయటికి నడిచింది. ఓనరు వెనక నుంచి ఏదో అరుస్తూనే ఉన్నాడు. ఆమె వెళ్లాక నేను ఆ లైను తీసేస్తానని అన్నాను. "ముట్టినావంటే సూడు," అన్నాడాయన. ముట్టలేదు. చిత్తూరు బస్సులో కూర్చున్నాక ఆ తొక్కల కంపు నా చొక్కాలోంచే వస్తున్నట్టు అనిపించి, కాణిపాకం క్రాసు దగ్గర దిగి రోడ్డు పక్కన కుళాయి కింద చొక్కా తడిపి పిండుకున్నాను.

తిరుపతిలో సంగతంతా చెబితే నా స్నేహితుడు ఎగిరి గంతేశాడు. "ఓనరు అప్పుడే ఇంకా ముగ్గురు ఓనర్లకు సెప్పినాడంట రా! ఇదే మన సరుకు." గద్ద బొమ్మ కింద కొత్త మాట అచ్చు వేయించాడు: మీ సిబ్బంది ఏం చేస్తున్నారో మీ కళ్లముందే. వైరస్‌లు ఆపుతుందంటే కొననివాళ్లు, ఇంటర్నెట్ పంచుతుందంటే మొహం చిట్లించినవాళ్లు, ఈ మాటకు ఎగబడి కొన్నారు. నేను ఆ ఏడు వానలు పోయేదాకా బిగిస్తూనే ఉన్నాను. ప్రతిచోటా ఆ లైను రాశాను. పాకాలలో ఒక స్కూలు కరస్పాండెంటు, మురుకులు నములుతూ టీచరమ్మల మెయిళ్లు చదువుతూ, "రాప్పా, ఈ ముచ్చట సూడు," అని నన్ను పక్కన కూర్చోబెట్టుకోబోయాడు. కీబోర్డు మీద మురుకుల పొడి, ఆయన నోట్లోంచి నూనె వాసన. సగం బిగించిన పెట్టె అక్కడే వదిలేసి స్టేషనుకు నడిచాను. ఆ తర్వాత మళ్లీ ఆ లాడ్జి గదికి పోలేదు. పాలిటెక్నిక్ లాబులో ఉద్యోగం వస్తే చేరిపోయాను.

చేరిన కొత్తలో ఒక ఆదివారం నగరి పోయాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఫలానా ఫ్యాక్టరీలో పనిచేసిన అమ్మాయి ఇల్లు అంటే వీధిలో ఎవరో చూపించారు. ముందు గదిలో రెండు పవర్‌లూములు ఆడుతున్నాయి, నేల అదిరిపోతోంది. బనీను మీద ఉన్న పెద్దాయన మగ్గం ఆపకుండానే నన్ను చూసి కేక వేశాడు.

"ఎవురు నాయనా? మా పాప కొత్త ఆఫీసోళ్లా?"

అంటే ఆమెకు చెన్నైలో ఉద్యోగం దొరికిందన్నమాట. కాదు, నేను ఫలానా అని ఆ మోతలో అరిచి చెప్పాల్సింది. అవునన్నట్టు తల ఊపాను.

ఆయన మొహం వికసించింది. మగ్గం ఆపి, లోపలికి పోయి చెంబుతో మజ్జిగ తెచ్చాడు. "కూసో నాయనా. పాప, వాళ్లమ్మ ఆడనే ఉండారు. మీ ఆఫీసోళ్లు శానా మంచోళ్లు, ఆస్పత్రికి పోవాలంటే లీవిస్తారని రాసింది."

మజ్జిగ మొత్తం తాగి, చెంబు ఆయన చేతికిచ్చి, వస్తానని చెప్పి బయటికి వచ్చేశాను. వీధి మలుపు దాటేదాకా ఆయన గుమ్మంలో నిలబడి చేయి ఊపుతూనే ఉన్నాడు.