సరళ మోకాలు వంగింది, నా భుజం లేవలేదు

పచ్చ లైటు పడగానే కారు ముందుకు పోనిచ్చాను. ఎడమ నుంచి వస్తున్న పికప్ ట్రక్కు డ్రైవరు పక్కసీటులో ఏదో వెతుక్కుంటున్నాడు. తల ఎత్తడం లేదు. వాడిక ఆగడని అప్పుడే తెలిసింది.

పిల్లలతో ఇండియాలో మూడు నెలలుండి మిషిగన్‌లో మా ఊరు ట్రాయ్‌కి తిరిగొచ్చిన మర్నాడది. పిల్లలు ఇంట్లో మావారి దగ్గరున్నారు. పెరుగుకి తోడు లేక స్నేహితురాలు సరళ ఇంటికి వెళ్లాను. నేను తెచ్చిన చీరలు చూస్తానని తనూ గిన్నె పట్టుకుని నా కారెక్కింది. గుద్దాక నాకు గుర్తున్నది ఆమె ఒళ్లో ఒలికిన పెరుగు.

నా ఎడమ భుజం విరిగింది. సరళకి మోకాలు డాష్‌బోర్డుకి కొట్టుకుని లిగమెంట్ తెగింది. "థెరపీ మానకండి. భుజం బిగుసుకుపోతే నేనేం చెయ్యలేను" అన్నాడు సర్జన్.

తప్పు ట్రక్కువాడిదే కదా అని మావారు ఇన్సూరెన్స్ ఏజెంటుని అడిగారు. "మిషిగన్‌లో నో-ఫాల్ట్. తప్పెవరిదైనా ఎవరి వైద్యం వాళ్ల ఇన్సూరెన్సే చూసుకుంటుంది. మీ ఆవిడ సొంత కారుకి ఇన్సూరెన్స్ లేదు. ఆవిడకి క్లెయిము రాదు" అన్నాడతను.

కారు గరాజ్‌లో ఊరికే పడి ఉంటుందని, మేం ఇండియా వెళ్లగానే మావారు ఇన్సూరెన్స్ తీయించేశారు. మళ్లీ పెట్టించలేదు. నేనూ అడగలేదు. మావారి ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ ఆపరేషన్‌కి ఇచ్చింది కానీ, థెరపీకి కొన్నాళ్లే ఇచ్చి ఆపేసింది. సరళకి మాత్రం వాళ్లింటి కారు పాలసీ నుంచి అన్నీ వచ్చాయి: ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు థెరపీ, ఇంటిపనికి మనిషి.

"మోకాలు ఇవాళ ఇంకాస్త వంగిందే!" అని సరళ ఫోన్ చేసేది. "ఎంత మంచి మాట చెప్పావే" అని ఫోన్ పెట్టేసి, ఆ థెరపిస్టుకి జ్వరం రావాలని కోరుకునేదాన్ని. ఇద్దరం ఒక్క కారులోనే కదా కూర్చున్నాం! ఆమె మెట్లెక్కే రోజుకి నా చెయ్యి భుజం దాటి లేవడం లేదు. "ఫ్రోజెన్ షోల్డర్. భుజం బిగుసుకుపోయింది" అన్నాడు డాక్టరు.

మా ఆరేళ్ల మధుకి జడలు కూడా సరళే వేసేది, స్కూల్ బస్సు వచ్చేలోగా కుంటుకుంటూ వచ్చి. "ఆంటీ జడే నైస్‌గా ఉంటుంది మమ్మీ" అంది మధు ఒకరోజు.

"ఆంటీకి థెరపీ ఉందిగా మరి" అన్నాను.

సరళ చేతిలో దువ్వెన ఆగింది.  మర్నాడు ఒక తాడు, గిలక తెచ్చి మా తలుపుకి బిగించింది. "భుజానికేం చెయ్యాలో మా థెరపిస్టుని అడిగొచ్చా. మంచి చేత్తో తాడు లాగితే ఈ చెయ్యి పైకి లేస్తుందట. మీ సర్జన్‌ని కూడా ఓ మాటడుగు. నన్ను తిట్టుకుంటూనే లాగు, పర్లేదు."

సర్జన్ సరేనన్నాడు. తిట్టుకుంటూనే లాగాను.

ఇప్పుడు చెయ్యి చెవిదాకా లేస్తోంది. సరళ చకచకా నడుస్తుంటే మాత్రం ఇంకా కడుపు మండుతుంది. ఇండియా వెళ్తూ కారు ఇన్సూరెన్స్ తీయించేవాళ్లకి నేను చెప్పేదొక్కటే. తిరిగొచ్చాక ఏజెంటుతో మీరే స్వయంగా మాట్లాడేదాకా ఆ కారు తాళంచెవి ముట్టుకోకండి. ఇంట్లో తోడు లేకపోతే ఆ పూట పెరుగు మానేయండి.

ఇంతవరకూ రాత్రి రాశాను. పొద్దున పిల్లలిద్దరూ ఆంటీ కోసం కిటికీ దగ్గర నిలబడ్డారు.

"ఇవాళ ఆంటీ రాదు. నేనే వద్దన్నాను" అన్నాను. "మధూ, నా ముందు కింద కూర్చో, చెయ్యి అందుతుంది. బాబూ, నువ్వు రిబ్బన్లు పట్టుకో. తల్లీ, ఒక జడ వదులుగా వస్తుంది. ఎవరైనా అడిగితే మా అమ్మ వేసిందని చెప్పు."