దుబ్బాక రెండో విడత నమూనాలు

రిటైర్మెంటుకు ఆరేళ్ల ముందు, ఆగస్టు మొదటి వారంలో, సిద్దిపేటలోని ఒక వైద్య కళాశాలలో ఇమ్యునాలజీ విభాగాధిపతిగా చేరాను. ఒంట్లో రోగనిరోధక శక్తి ఎలా పనిచేస్తుందో చదివే శాస్త్రం అది. నా కింద ఒకే ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉండేది, డాక్టర్ నస్రీన్. సిద్దిపేట అమ్మాయే. వాళ్ల నాన్న పాత బస్టాండు దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసేవారు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ల్యాబులో రెండూ కలిపి మాట్లాడేది. నేను అంతకుముందు పనిచేసిన పెద్ద ల్యాబుల్లో కూడా అంత శుభ్రంగా పనిచేసే చేయి చూడలేదు.

ఆ ఏడాదే దుబ్బాక నేతవాళ్ల మీద ఒక అధ్యయనం మొదలుపెట్టాం. ఏళ్ల తరబడి నూలు దుమ్ము పీల్చిన వాళ్ల రక్తంలో ఒక రకం యాంటీబాడీ పెరుగుతుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని నేస్తే, మగ్గం చుట్టూ నీళ్లు చల్లి ఊడిస్తే అది తగ్గుతుందా అన్నది మా ప్రశ్న. ముందు ఒకసారి రక్తం తీయాలి, మూడు నెలలు ఆ పద్ధతి పాటించమనాలి, మళ్లీ తీసి రెండింటినీ పోల్చాలి. అలా తీసిన రక్తాన్ని మేం నమూనా అంటాం. గోప్యత కోసం ట్యూబు మీద మనిషి పేరు రాయకూడదు, ఏదో ఒక సంకేతం రాయాలి. ఏ సంకేతమన్నది నేనే తేల్చాను: ఇంటి నంబరు. ఇంటికి ఒక్క నేతమనిషినే తీసుకుంటున్నాం, సరిపోతుందిలే అనుకున్నాను. పేరు, వయసు వేరే కాగితం మీద రాసుకుని రెండోసారి సరిచూద్దామా అని నస్రీన్ అడిగింది. ఉన్న పని చాలదా అని కసిరాను. ఇంటి నంబరు గడి ఒక్కటే ఉన్న ఫారం తయారుచేసింది నేను, దాని కింద సంతకమూ నాదే.

రెండో విడత నమూనాల్లో యాంటీబాడీ బాగా తగ్గింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. వ్యాసం మంచి విదేశీ పత్రికలో వచ్చింది. మా రంగంలో చేత్తో పనిచేసిన వాళ్ల పేరు మొదట, పని చేయించిన వాళ్ల పేరు చివర ఉంటాయి. కాబట్టి మొదట నస్రీన్, చివర నేను. ఒకరి వ్యాసాన్ని మరొకరు తమ వ్యాసంలో ఆధారంగా చూపిస్తే దాన్ని సైటేషన్ అంటారు. మాకు పరువూ, ప్రమోషనూ అన్నీ వాటితోనే. పొద్దున్నే బీపీ చూసుకోని ప్రొఫెసరు ఉంటాడేమో గాని సైటేషన్లు చూసుకోనివాడు ఉండడు. నేనూ రోజూ చూసుకునేవాణ్ని. నా ముప్ఫై ఏళ్ల పనిలో దేనికీ రానన్ని ఈ ఒక్క వ్యాసానికి వచ్చాయి.

మూడేళ్ల తర్వాత ఒకనాడు మా దవాఖాన ఓపీ వరండాలో సిద్ధిరాములు కనిపించాడు. దుబ్బాక నేతమనిషి, మా అధ్యయనంలో ఉన్నవాడు. ఆయాసంతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మెడలో తడిగుడ్డ వేలాడుతోంది. మేం చెప్పామని మూడేళ్లుగా మానకుండా కట్టుకుంటున్నాడట. పలకరించి, నీ రక్తం గురించి దేశదేశాల వాళ్లు చదువుతున్నారయ్యా అని కాస్త గొప్పగా చెప్పాను.

అతను నవ్వాడు. "నా రక్తమెక్కడిది సారూ? రెండోసారి నేనియ్యలే. గప్పుడు మగ్గం మీద చీర ఉండె, పెండ్లోళ్లు నెత్తి మీద కూసున్నరు. మా తమ్ముణ్ని పంపిన."

తమ్ముడూ నేస్తాడా అని అడిగాను.

"వాడు మగ్గం దిక్కే చూడడు, ఆటో నడుపుతడు. అయితేంది సారూ, ఒక్క కడుపుల పుట్టినోళ్లం, ఒక్కటే రక్తం గద. రక్తం తీసిన మేడం గూడ ఇంటి నంబరే అడిగింది. మా వాడల శానామంది గట్లనే తమ్ముణ్నో, పెండ్లాన్నో పంపిన్రు. పని ఇడిసి ఎవడొస్తడు?"

మగ్గం ఎక్కని తమ్ముళ్ల రక్తంలో, పొయ్యి దగ్గరుండే ఆడవాళ్ల రక్తంలో ఆ యాంటీబాడీ తక్కువగా ఉండక ఏం చేస్తుంది? తడిగుడ్డ గొప్పతనం అనుకున్నది మనిషి మారిన సంగతి.

ట్యూబులు ఇంకా మా డీప్ ఫ్రీజరులో ఉన్నాయి. ఒక మనిషి డీఎన్ఏ మూడు నెలల్లో మారదు. రెండు విడతల్లోనూ ఒకే నంబరున్న ట్యూబుల నుంచి డీఎన్ఏ తీసి పోల్చి చూడమని నస్రీన్‌కు చెప్పాను. వారం రోజుల్లో చేసింది. దాదాపు మూడో వంతు జంటలు కలవలేదు. కొన్నింటిలో మొదటి ట్యూబు మగవాళ్లది, రెండోది ఆడవాళ్లది. ఆ కాగితాలు నా బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోలేదు.

ఇలాంటప్పుడు పత్రికకు ఉత్తరం రాసి వ్యాసాన్ని ఉపసంహరించుకోవాలి. కారణం అచ్చువేస్తారు. ఆ మరుసటి నెలలోనే నస్రీన్‌కు అసోసియేట్ ప్రొఫెసరు ఇంటర్వ్యూ ఉంది. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగమంటుందేమోనని చూశాను. అలా అనలేదు. నా ఉత్తరం చిత్తు ప్రతి చదివి ఒక్కటే అడిగింది: "దాచుదామంటలేను సార్. కని ఫారం సంగతి గూడ రాయండి. రక్తం తీసింది నేనని పేపర్ల ఉన్నది. ఫారం ఎవరిదో యాడా లేదు."

పత్రికవాళ్లు రెండు వాక్యాలకు మించి వేయరన్నాను. అబద్ధం. వాళ్లు ఎన్ని వాక్యాలైనా వేస్తారు. రిటైర్మెంటు దగ్గర పడ్డాక నా పేరు పాడవుతుందని భయపడ్డాను. నమూనాల సేకరణలో పొరపాటు జరిగిందని మాత్రం ఒక్క వాక్యం రాసి పంపాను. ఇంటర్వ్యూలోపే అచ్చయింది. పోల్చి తప్పు తేల్చినందుకు కొందరు నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఇంటర్వ్యూ బోర్డులో బయటి నుంచి వచ్చిన నిపుణులు ఇద్దరు, ప్రిన్సిపాలు, విభాగాధిపతి హోదాలో నేను. నిపుణుల్లో ఒకాయన ఆ వాక్యం పైకి చదివి, నమూనాలు సేకరించింది ఎవరమ్మా అని అడిగాడు. ఆమె బల్ల అవతల, నాకు ఎదురుగా కూర్చుంది. నేను నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉంది. తెరవలేదు.

"రక్తం నేనే తీసిన సార్" అంది. ఫారం సంగతి ఎత్తలేదు. నా వైపు చూడలేదు కూడా.

ఆ పోస్టు వేరేవారికి వెళ్లింది. కొన్ని నెలలకు ఆమె రాజీనామా చేసి ఊళ్లోనే ఒక రక్తపరీక్షల కేంద్రంలో చేరింది. రిటైరయ్యాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఫారం నాదని పత్రికకు రెండో ఉత్తరం రాశాను. ఆ విషయం ముగిసిందని జవాబిచ్చారు. కళాశాలకూ ఒక ప్రతి పంపితే, అందినట్టు రసీదు వచ్చింది. ఉపసంహరించుకున్న వ్యాసాన్ని మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు ఉదహరిస్తూనే ఉన్నారు. కింద వేసిన ఉత్తరం చదివే ఓపిక ఎవరికీ లేదు. నా పేరున ఎక్కువ సైటేషన్లున్నది నేటికీ అదే.

మొన్న షుగరు పరీక్షకు వెళితే కుర్చీ పక్కన నస్రీనే ఉంది. నన్ను గుర్తుపట్టి, ఒంట్లో బాగుందా సార్ అని అడిగింది. చేతికి పట్టీ కట్టి, సూది గుచ్చే ముందు ఆగింది. పేరు చెప్పమంది. చెప్పాను. తండ్రి పేరు, వయసు చెప్పమంది. చెప్పాను. నా కళ్లముందే ట్యూబు మీద రాసి, సరిగ్గా ఉందా చదవండి సార్ అని నాకు చూపించింది. ఇంటి నంబరు అడగలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. రక్తం ఎవరిదో ఆ మనిషినే అడిగి రాసుకోండి. తప్పు మీదైతే మొదటి ఉత్తరంలోనే రాయండి, రెండో ఉత్తరాన్ని ఎవరూ అచ్చువేయరు.